ర్యాంపు ఆనేదాకా

రాత్రి రెండుంపావుకి మళ్ళీ ఎర్ర గుర్తు.
పడవ టికెట్ల సైటుకి నేను కాపలా.
విర్ట్సు నుంచి కుయివస్తుకి
ఒక కారు, ఇద్దరు మనుషులు, ఒక కుక్క.
లేని మనుషులకి, లేని కుక్కకి
ప్రతి రాత్రీ నా స్క్రిప్టు టికెట్టు కొంటుంది.
నిన్న కొనగలిగింది. ఇవాళ కొనలేకపోయింది.
మధ్యలో ఎవరూ ఏదీ ముట్టుకోలేదు.

కోడ్ తెరిచాను.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మాడిస్
ప్రతి క్లిక్కు వెనకా ఒకే మాట రాసిపెట్టి వెళ్ళాడు.
తేదీ ఎంచుకో, ఐదు సెకన్లు పడుకో.
కారు నంబరు వెయ్యి, ఐదు సెకన్లు పడుకో.
తడబడిన చోటల్లా ఐదుని ఎనిమిది చేశాడు.
కుక్కని చేర్చే చోట ఏకంగా ఇరవై.
పక్కనే ఒక గమనిక:
"ఎందుకో తెలీదు, తీయొద్దు."
నూట నలభై పరీక్షలు,
అన్నీ కలిపి గంటన్నర నిద్ర.
మేలుకున్నది నేనొక్కదాన్నే.

పేజీ అర సెకనులో వచ్చేస్తే
వచ్చిన చుట్టాన్ని నాలుగున్నర సెకన్లు
గుమ్మంలోనే నిలబెట్టినట్టు.
ఆరో సెకనులో వస్తే
ఖాళీ తెలుపు మీద పడుతుంది వేలు.

ఇంకో రకం చావుంది, అది మరీ మోసం.
"ముందుకు" అనే బటను దొరికిందనుకుంటుంది స్క్రిప్టు.
పట్టుకునేలోగా పేజీ మారిపోతుంది.
అదే నీలం, అవే అక్షరాలు, అదే మూల,
కానీ ఇది వేరే బటను.
చేతిలో మిగిలింది కుబుసం.
పాము ఎప్పుడో వెళ్ళిపోయింది.

శనివారం నిజంగానే పడవెక్కాను, కుక్క లేకుండా.
ఫిబ్రవరి. జలసంధి నిండా మంచు పలకలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూలుగుతున్నాయి.
బయల్దేరే వేళ దాటి ఏడు నిమిషాలు.
వెనక ఎవరో హారన్ కొట్టాడు.
ర్యాంపు దగ్గర నారింజ కోటులో ఆవిడ, పేరు హిల్యా,
తలైనా తిప్పలేదు. చేతికి గడియారముంది,
దాన్నీ చూడలేదు.
ఇనుప పెదవి కాంక్రీటుకి ఆనే చోటునే చూస్తోంది.
సందులో నల్లగా నీళ్ళు కనిపిస్తున్నంతసేపూ
ఆవిడ చెయ్యి కిందే ఉంది.
నీళ్ళు మాయమయ్యాయి. గొలుసు ఊగడం మానింది.
అప్పుడు లేచింది చెయ్యి.

అద్దం దించి అడిగాను, మామూలుగా ఎంతసేపు ఆగుతారని.
"ఎంతసేపేమిటి? ఆనేదాకా."
"ఆనకపోతే?"
"పావుగంట చూస్తా. తర్వాత కెప్టెన్‌ని పిలుస్తా,
ఏ మూల ఆనలేదో చెప్తా.
రోజంతా నిలబడ్డానికి నేనేమన్నా దీపస్తంభాన్నా?
పోనివ్వండి, వెనక కార్లున్నాయి."

పడవలో క్యాంటీను. వంటాయన
దుంపకి ఫోర్కు గుచ్చి చూస్తున్నాడు.
ఉడికిందా అని గడియారాన్ని అడగడు ఎవడూ,
దుంపనే అడుగుతాడు.
నేనూ మాడిసూ కలిసి రెండేళ్ళు గడియారాన్నే అడిగాం.

సోమవారం నుంచి నిద్రలు పీకేస్తున్నాను.
చిరునామా మారేదాకా చూడు.
తిరిగే చక్రం ఆగేదాకా అని రాశాను, కొట్టేశాను;
చక్రం ఆగినా ధర రాని రోజులున్నాయి.
ధర కనబడేదాకా చూడు.
బటన్ని ఈ పేజీలో మళ్ళీ వెతుక్కో, ఆపైన ముట్టుకో.
ముప్పై సెకన్లు దాటితే అరువు,
ఏది రాలేదో పేరు పెట్టి అరువు.

గంటన్నర పని పదకొండు నిమిషాలకి దిగింది.
మంగళవారం పచ్చ. బుధవారం పచ్చ.
గురువారం కుక్క దగ్గర ఎరుపు.
ఎన్ని రకాలుగా చూడమన్నా
మూడు రాత్రులకోసారి అది అక్కడే పడుతోంది.
ఆ ఇరవైని తిరిగి పెట్టేశాను, సిగ్గుపడుతూనే.
మాడిస్ గమనిక కింద నా గమనిక:
"నాకూ తెలీదు. చూస్తున్నాను."

లేని కుక్క
ర్యాంపు మొదట్లో ఇరవై సెకన్లు కూర్చుంటుంది రోజూ.
దేన్ని చూసి లేస్తుందో
ఇంకా పట్టుకోలేదు.